మీటకూ అక్షరానికీ మధ్య: ఎక్స్ విండో వ్యవస్థలో తెలుగు కీబోర్డు అమరికలు – విమర్శనాత్మక పరిశీలన

1. ప్రవేశిక

రాత పరికరానికీ లిపికీ గల సంబంధం తెలుగు పరిశోధనకు కొత్త విషయం కాదు. శాసనశిల్పి ఉలి, లేఖకుని గంటం, అచ్చుకూటంలోని సీసపు దిమ్మ తెలుగు అక్షరరూపాన్ని ప్రభావితం చేసిన తీరు లిపి చరిత్రలో చర్చకు వస్తూనే ఉంది. కంప్యూటరు దశకు వచ్చేసరికి ఆ చర్చ సాధారణంగా ఫాంట్ల చుట్టూ, యూనికోడ్ చుట్టూ తిరుగుతుంది. అంటే తెర మీద కనిపించే అక్షరం, నిల్వలో ఉండే అక్షరం చర్చకు వస్తాయి. వేలు మీటను తాకిన క్షణానికీ అక్షరం నిల్వలో చేరిన క్షణానికీ మధ్య జరిగే నిర్ణయం మాత్రం సాంకేతికుల పనిగా పక్కన ఉండిపోతుంది.

ఆ నిర్ణయం ఒక పట్టికలో రాసి ఉంటుంది. ఏ మీటకు ఏ గుర్తు, షిఫ్ట్ పట్టుకుంటే ఏ గుర్తు, ఏ మీట అక్షరాన్ని ఇస్తుంది, ఏ మీట ఇతర మీటల అర్థాన్ని మారుస్తుంది అన్నవన్నీ ఆ పట్టికలో ఉంటాయి. తెలుగు అక్షరం అంటే ఏమిటి, దానిలో మౌలికమైన భాగం ఏది అనే ప్రశ్నలకు సమాధానం ఇవ్వకుండా అటువంటి పట్టికను తయారుచేయడం సాధ్యం కాదు. కాబట్టి ప్రతి కీబోర్డు అమరికా పేరు చెప్పుకోని ఒక సంజ్ఞాపరిచ్ఛేదమే. లినక్స్ తదితర యూనిక్స్ తరహా వ్యవస్థల్లో దీర్ఘకాలంగా వాడుకలో ఉన్న ఎక్స్ విండో వ్యవస్థను ఆధారంగా తీసుకొని, అందులోని తెలుగు అమరికలను ఈ దృష్టితో చదవడం ఈ వ్యాసం లక్ష్యం. ఆ పట్టికలు సాదా పాఠంగా, ఎవరైనా తెరిచి చదివేందుకూ మార్చేందుకూ వీలుగా ఉండడం ఈ ఎంపికకు కారణం.

2. మీట, సంఖ్య, చిహ్నం

ఎక్స్ విండో వ్యవస్థ 1984లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆరంభమైంది. నేటికీ వాడుకలో ఉన్న పదకొండవ రూపాంతరం 1987లో వెలువడింది. ఈ వ్యవస్థలో తెరను, కీబోర్డును, మౌస్‌ను నిర్వహించే భాగం సర్వర్. రాతపని చేసే ప్రోగ్రాములు దానికి క్లయింట్లు. మీట నొక్కినప్పుడు సర్వర్ క్లయింటుకు పంపే సందేశంలో అక్షరం ఉండదు. ఆ మీటకు కేటాయించిన సంఖ్య, ఆ క్షణంలో షిఫ్ట్, కంట్రోల్ వంటి మీటలు ఏ స్థితిలో ఉన్నాయన్న సమాచారం మాత్రమే ఉంటాయి. మీట సంఖ్యలు 8 నుంచి 255 వరకు ఉంటాయి. నేటి లినక్స్ యంత్రాల్లో రోమన్ 'కె' ముద్రించి ఉన్న మీట సంఖ్య 45. ఆ సంఖ్యకు ఇంగ్లీషు తెలియదు, తెలుగు తెలియదు.

45ను 'క'గా మార్చేది రెండో మెట్టు. ప్రతి మీట సంఖ్యకు ఎదురుగా కొన్ని చిహ్నాల వరుస ఉంటుంది. మొదటిది మామూలుగా నొక్కినప్పుడు, రెండోది షిఫ్ట్‌తో నొక్కినప్పుడు వర్తిస్తుంది. ఈ చిహ్నాలకూ సంఖ్యలే ఉన్నా, చాలా లిపుల విషయంలో వాటికి పేర్లు కూడా పెట్టారు. గ్రీకు, సిరిలిక్, అరబిక్, హీబ్రూ, థాయ్, జార్జియన్, సింహళ లిపుల అక్షరాలు ఆ జాబితాలో పేర్లతో కనిపిస్తాయి. తెలుగు అక్షరాలకు అటువంటి పేర్లు లేవు. యూనికోడ్ సంఖ్యకు 16777216 కలిపితే వచ్చే సంఖ్యే వాటి గుర్తింపు. యూనికోడ్‌లో 'క' 3093 కాబట్టి ఎక్స్ వ్యవస్థలో అది 16780309. తెలుగు ఈ వ్యవస్థలో పేరుతో కాక లెక్కతో ప్రవేశించింది. దీన్ని అవమానంగా భావించనక్కరలేదు. పేరు పెట్టనవసరం లేకుండానే 3072 నుంచి 3199 వరకు ఉన్న తెలుగు విభాగంలో ఏ గుర్తునైనా, రేపు కొత్తగా చేరే గుర్తునైనా మీటకు అమర్చే వీలు ఈ సూత్రం వల్లే కలిగింది. ఈ సౌకర్యం ప్రాధాన్యం ఆరో విభాగంలో తెలుస్తుంది.

ఇక పట్టికల వర్గీకరణ వేరే కథ చెబుతుంది. ఎక్స్ కీబోర్డు విస్తరణకు, అంటే ఎక్స్‌కెబికి, సంబంధించిన పట్టికల్లో అమరికలను దేశాల వారీగా పేర్చారు. భారతీయ భాషల అమరికలు చాలావరకు ఒకే దస్త్రంలో ఉన్నాయి. అందులో ప్రధాన పట్టిక దేవనాగరిది, తెలుగు ఒక రూపాంతరం. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి, కన్నడ గణక పరిషత్తు అమరికను అనుసరించిన 'కగప' ధ్వన్యనుసారి పద్ధతి, 'సరళ' పద్ధతి అనే మూడు అమరికలు తెలుగుకు అక్కడ దొరుకుతాయి. దస్త్రాల నిర్వహణ కోసం చేసిన ఈ వర్గీకరణలో దేవనాగరి మూలం, తెలుగు రూపాంతరం అన్న క్రమం యాదృచ్ఛికంగా కనిపించవచ్చు. కానీ నాలుగో విభాగంలో చూడబోయే అచ్చుల అమరికలోనూ అదే క్రమం దాగి ఉంది.

3. మీటలు చేసే పనులు

1996 నాటి విడుదలతో ప్రామాణిక భాగమైన ఎక్స్‌కెబి తెచ్చిన ముఖ్యమైన మార్పు మీటకు 'చర్య' అనే భావనను స్పష్టంగా నిర్వచించడం. కొన్ని మీటలు గుర్తును ఇస్తాయి, మరికొన్ని పని చేస్తాయి. ఆ పనుల్లో మూడు తీరులు తెలుగు పాఠకునికి ఆసక్తి కలిగించేవి. మొదటిది, మీట పట్టుకున్నంతసేపే ఫలితం ఉండడం. మామూలు షిఫ్ట్ ఇటువంటిది. రెండోది, ఒకసారి నొక్కి వదిలితే తరువాత వచ్చే ఒక్క మీటకు మాత్రం ఫలితం వర్తించడం. మూడోది, మళ్లీ నొక్కేదాకా ఫలితం నిలిచి ఉండడం. క్యాప్స్ లాక్ ఇందుకు ఉదాహరణ.

రెండో తీరును చూడగానే తెలుగు పొల్లు గుర్తుకు రావడం సహజం. 'క' తరువాత పొల్లు వస్తే తరువాతి హల్లు ఒత్తుగా మారుతుంది. ఆ ప్రభావం ఆ ఒక్క హల్లుకే పరిమితం. లిపిలో పొల్లు చేసే పని ఎక్స్‌కెబి నిర్వచించిన ఈ రెండో చర్యకు చాలా దగ్గరగా ఉంది. అయినా తెలుగు పట్టికలో పొల్లు చర్యగా లేదు, గుర్తుగానే ఉంది. కారణం తేలికగా ఊహించవచ్చు. ఎక్స్‌కెబి చర్యలు తరువాతి మీట నుంచి ఏ స్థాయిలోని చిహ్నం రావాలో నిర్ణయించగలవు గాని, వచ్చే చిహ్నానికి ముందు మరొక చిహ్నాన్ని చేర్చలేవు. పొల్లు నిల్వలో ఒక సంఖ్యగా (3149) మిగలాలి. దాన్ని చూసి ఒత్తును రూపొందించే పని తెర మీద అక్షరాన్ని గీసే భాగానిది. అంటే తెలుగు సంయుక్తాక్షరంలో 'చర్య' అనదగినది కీబోర్డు దశను దాటి ఫాంటు దశకు వాయిదా పడింది.

షిఫ్ట్ చర్యను తెలుగు అమరికలు వాడుకున్న తీరు కూడా పరిశీలించదగినది. ఇన్‌స్క్రిప్ట్‌లో షిఫ్ట్‌కు ఒకే అర్థం లేదు. 'క' మీట మీద షిఫ్ట్ పట్టుకుంటే 'ఖ', 'త' మీద 'థ'. ఇక్కడ షిఫ్ట్ అంటే మహాప్రాణం. 'ా' మీట మీద షిఫ్ట్ పట్టుకుంటే 'ఆ', 'ి' మీద 'ఇ'. ఇక్కడ షిఫ్ట్ అంటే గుణింతపు గుర్తు నుంచి స్వతంత్రమైన అచ్చుకు మరలడం. 'ర' మీద 'ఱ', 'ల' మీద 'ళ', 'మ' మీద 'ణ'. చివరి మూడింటిలో మొదటి రెంటికి సాదృశ్యం ఆధారం, 'మ–ణ'ల జతకు ధ్వనిపరంగా అనునాసికత తప్ప వేరే పొందిక లేదు. యంత్రానికి ఇవన్నీ ఒకే చర్య. రాసేవారి మనసులో మాత్రం అవి మూడు వేర్వేరు వ్యాకరణ సంబంధాలు.

4. ఇన్‌స్క్రిప్ట్: గుణింతపు సిద్ధాంతం

భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ విభాగం 1986లో ప్రామాణికంగా నిర్ణయించిన ఇన్‌స్క్రిప్ట్ భారతీయ లిపులన్నిటికీ ఒకే చట్రం. 1991 నాటి ఇస్కీ ప్రమాణంలో కూడా అది భాగమైంది. ఎడమచేతి వైపు అచ్చులు, కుడిచేతి వైపు హల్లులు అన్నది దాని స్థూలమైన పొందిక. 'క' మీట నొక్కితే అకారంతో కూడిన 'క' వస్తుంది. దానికి గుణింతపు గుర్తులు చేర్చుకుంటూ పోవాలి, లేదా పొల్లుతో అకారాన్ని తొలగించాలి. తెలుగు బడిలో పలక మీద నేర్పే క్రమం ఇదే. ఓనమాలు, ఆపైన గుణింతాలు, ఆ తరువాత ఒత్తులు. ఇన్‌స్క్రిప్ట్‌ను గుణింతపు సిద్ధాంతం అనడం అందుకే సమంజసం.

తెలుగుకు ఈ చట్రం ఎంతవరకు ఇమిడిందో చూడడానికి ఒక కొలమానం కావాలి. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణ సంజ్ఞాపరిచ్ఛేదంలో తెలుగుకు వర్ణాలు ముప్పైయారు అని లెక్కించాడు. ఆ లెక్కలో మహాప్రాణాలు లేవు. దంత్య చ, జలు (ౘ, ౙ), అరసున్న, హ్రస్వ ఎ, ఒలు ఉన్నాయి. అందులోని హల్లులు ఇరవై రెండు. వీటిని ఇన్‌స్క్రిప్ట్ మీద పరిచి చూస్తే ఫలితం ఆశ్చర్యకరంగా ఉంటుంది. క, గ, చ, జ, ట, డ, త, ద, న, ప, బ, మ, య, ర, ల, వ, స, హ – ఈ పద్దెనిమిదీ షిఫ్ట్ అవసరం లేకుండా వస్తాయి. షిఫ్ట్ లేకుండా వచ్చే హల్లులు ఇన్‌స్క్రిప్ట్‌లో ఇవే, వీటికి మించి ఒక్కటీ లేదు. ణ, ళలకు షిఫ్ట్ కావాలి. ౘ, ౙలకు ఆ చట్రంలో చోటు లేదు. భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న హల్లులను ముందు వరుసకు తెచ్చిన ఆ చట్రం, తెలుగును ఉద్దేశించకుండానే తెలుగు వ్యాకర్త గీసిన సరిహద్దుకు చాలా దగ్గరగా వచ్చింది.

అచ్చుల విషయంలో ఈ న్యాయం జరగలేదు. హిందీ లిపిలో ఎ, ఒలకు దీర్ఘరూపాలే వ్యవహారం. అందువల్ల ఉమ్మడి చట్రంలో 'ే', 'ో' గుర్తులకు ఎడమచేతి వేళ్లు సహజంగా ఆనే మధ్య వరుసలో, రోమన్ 'ఎస్', 'ఎ' మీటల మీద స్థానం దొరికింది. హ్రస్వాలు అంచులకు చేరాయి. 'ె' కింది వరుస చివరన 'జెడ్' మీట మీద, 'ొ' అంకెల వరుసకు ఎడమ కొసన ఉన్న మీట మీద ఉన్నాయి. స్వతంత్రమైన ఎ, ఒలకు ఆ కొస మీటలతో పాటు షిఫ్ట్ కూడా పట్టుకోవాలి. తెలుగులో హ్రస్వ ఎ, ఒలు అంచు వర్ణాలు కావు. ఒకటి, రెండు, ఎనిమిది, తొమ్మిది – పదిలోపు అంకెల పేర్లలోనే నాలుగింట అవి ఉన్నాయి. చెట్టు, నెల, కొండ, పొలం, మొదలు వంటి దేశ్యపదాలను రాయాలంటే చేయి ప్రతిసారీ మూలకు పోవాలి. భాష పేరైన 'తెలుగు'లో రెండో నొక్కే 'జెడ్' మీట మీద పడుతుంది. హల్లుల్లో తెలుగుకు అనుకోకుండా దక్కిన మేలు అచ్చుల్లో దక్కలేదు. సంస్కృతసమాల కంటే దేశ్యాలు ఈ అమరికలో ఎక్కువ శ్రమ కోరతాయి.

ఇందుకు బలమైన ప్రతివాదం లేకపోలేదు. ఇన్‌స్క్రిప్ట్ నేర్చిన తెలుగు పరిశోధకుడు అదే వేళ్లతో కన్నడం, తమిళం, సంస్కృతం రాయగలడు. తులనాత్మక అధ్యయనానికి ఇది సామాన్యమైన సౌకర్యం కాదు. 'ే', 'ె'లను తారుమారు చేస్తే ఆ ఏకరూపత చెడుతుంది. ఎక్స్‌కెబిలో ఆ మార్పుకు రెండు మీటల వరుసలు సవరిస్తే చాలు. సాంకేతికంగా అంత తేలికైన పని కనుకనే దాని లాభనష్టాలను తూచవలసిన బాధ్యత భాషావేత్తల మీద పడుతుంది. ఏకరూపతను ఎంచుకోవడం తప్పు కాదు. దాని మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో గుర్తించకుండా ఎంచుకోవడం లోపం.

5. సంయుక్తాక్షరం, జ్ఞాపకం

ఇన్‌స్క్రిప్ట్ రూపకర్తలు అంకెల వరుసలో షిఫ్ట్‌తో కొన్ని సంయుక్తాక్షరాలను నేరుగా ఇచ్చారు. జ్ఞ, త్ర, క్ష, శ్ర వాటిలోవి. ఎక్స్ వ్యవస్థలో ఈ సౌకర్యం మీటల పట్టిక ద్వారా సాధ్యం కాదు. అక్కడ ఒక స్థాయిలో ఒక మీటకు ఒక చిహ్నమే ఉంటుంది. 'క్ష' యూనికోడ్‌లో ఒక గుర్తు కాదు. అది క, పొల్లు, ష అనే మూడు గుర్తుల వరుస. 'క్షేత్రం' అన్న పదాన్ని సంయుక్తాక్షరాల మీటలతో రాస్తే నాలుగు నొక్కులు. ఎక్స్‌కెబి పట్టికతో రాస్తే ఎనిమిది. అదే పదాన్ని రోమన్ లిప్యంతరీకరణలో విడివిడి వర్ణాలుగా రాసినా ఎనిమిదే. చిహ్నాల వరుసను పదబంధంగా మార్చే 'కంపోజ్' పట్టిక వంటి మార్గాలు ఎక్స్‌లో ఉన్నా, అవి సర్వర్ వద్ద కాక క్లయింటు పక్షాన పనిచేస్తాయి. ప్రోగ్రామును బట్టి ఫలితం మారే అవకాశం ఉంటుంది.

ఇక్కడ బయటపడేది ఎక్స్‌కెబి మౌలిక పరిమితి. షిఫ్ట్ వంటి చర్యల స్థితి తప్ప దానికి జ్ఞాపకం లేదు. ముందు వచ్చింది హల్లా, అచ్చా అన్నది దానికి తెలియదు. తెలుగు లిపి మాత్రం జ్ఞాపకం మీద నడిచే లిపి. పదాదిలో 'ఇ' అయిన వర్ణమే హల్లు తరువాత 'ి' అవుతుంది. యంత్రం గుర్తుంచుకోని విషయాన్ని రాసేవారు గుర్తుంచుకోవాలి. ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చుకు షిఫ్ట్ కేటాయించడానికి అసలు కారణం ఇదే.

లిప్యంతరీకరణ పద్ధతులు ఆ జ్ఞాపకాన్ని యంత్రానికి అప్పగించాయి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేర ప్రచారంలోకి వచ్చిన ఆర్‌టిఎస్ పద్ధతి వీటిలో తెలుగువారికి బాగా పరిచితం. ఎక్స్ వ్యవస్థలో ఇవి మీటల పట్టికకు పైన వేరే పొరగా, ఇన్‌పుట్ పద్ధతిగా పనిచేస్తాయి. జపాన్‌లో రూపొందిన ఎం17ఎన్ గ్రంథాలయంలో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టిఎస్ రెండింటికీ తెలుగు పట్టికలు ఉన్నాయి. ఆ పట్టికల్లో మీటకు ఎదురుగా గుర్తుతో పాటు 'స్థితి' కూడా ఉండగలదు. 'కె' నొక్కితే 'క్' వస్తుంది. ఆ తరువాత అచ్చు వస్తే పొల్లు తొలగి గుణింతపు గుర్తు చేరుతుంది, హల్లు వస్తే ఒత్తు అవుతుంది.

ఈ భేదం సిద్ధాంతపరమైనది. ఇన్‌స్క్రిప్ట్‌లో హల్లు అంటే అకారసహితమైన అక్షరం. ఆర్‌టిఎస్‌లో హల్లు అంటే అచ్చు లేని వర్ణం, అంటే వ్యాకరణం చెప్పే హల్లు. మొదటిది బడిపలక దృష్టి, రెండోది సంధికార్యం చేసే వ్యాకర్త దృష్టి. 'తెలుగు' అన్న పదానికి రెండింటిలోనూ ఆరు నొక్కులే. 'పదము'కు ఇన్‌స్క్రిప్ట్‌లో నాలుగు, ఆర్‌టిఎస్‌లో ఆరు. రెండు దృష్టులూ తెలుగు సంప్రదాయంలోనివే కనుక, ఒకటి దేశీయం, మరొకటి పరాయిది అనే వాదన నిలవదు. అయితే ఆర్‌టిఎస్‌కు ఒక షరతు ఉంది. వ్యాకర్త హల్లును చేరడానికి ముందుగా రోమన్ అక్షరం తెలిసి ఉండాలి. ల–ళ, న–ణ భేదం రోమన్ చిన్న, పెద్ద అక్షరాల భేదంగా మారుతుంది. తెలుగు వర్ణభేదం మరొక లిపి ముద్రణ సంప్రదాయం మీద ఆధారపడడం చిన్న విషయం కాదు.

6. పాఠపరిష్కరణకు సంబంధించిన పర్యవసానం

ఈ చర్చ రాత వేగానికి పరిమితమైనదైతే తెలుగు శాఖలకు అంతగా పట్టనవసరం లేదు. కాని ప్రాచీన కావ్యాలను, శాసనపాఠాలను కంప్యూటరులోకి ఎక్కించే పని నేడు శాఖల్లోనే జరుగుతోంది. ఆ పనిలో మీటల పట్టిక పాఠానికి మొదటి లేఖకుడు. తాళపత్ర లేఖకుని అలవాట్లను పరిష్కర్త ఎంత జాగ్రత్తగా లెక్కలోకి తీసుకుంటాడో, ఈ కొత్త లేఖకుని అలవాట్లనూ అంతే జాగ్రత్తగా తీసుకోవాలి.

శకటరేఫ ఇన్‌స్క్రిప్ట్‌లో 'ర' మీట రెండో స్థాయిలో, అరసున్న నిండుసున్న మీట రెండో స్థాయిలో ఉన్నాయి. అందుబాటులో ఉన్నా, పట్టుకోకపోతే రాని స్థాయి అది. ప్రాచీన కవులు ప్రాసలో రేఫ, శకటరేఫలను కలపని తీరు లాక్షణికులు చర్చించిన అంశం. షిఫ్ట్ తప్పిన ఒక్క నొక్కుతో ఆ సాక్ష్యం చెరిగిపోతుంది. పైగా అర్థం మారదు కనుక చదివేవారి కంటికి ఆ తప్పు ఆనదు.

కొన్ని గుర్తుల పరిస్థితి మరింత చిక్కు. ౘ, ౙలూ అవగ్రహమూ 2008లో యూనికోడ్ 5.1లో, నకారపొల్లు 2021లో యూనికోడ్ 14లో చేరాయి. 1986లో స్థిరపడిన తెలుగు చట్రంలో ఇవి ఉండే అవకాశం లేదు. మీట లేని అక్షరం నిల్వలో ఉన్నా రాతలోకి రాదు. చిన్నయసూరి ముప్పైయారులో లెక్కించిన ౘ, ౙల స్థానంలో చ, జలు చేరితే, రేపటి పరిశోధకుడు వెదికినప్పుడు ఆ గ్రంథంలో దంత్యాలు అసలే లేవన్న తప్పుడు సాక్ష్యం దొరుకుతుంది.

రెండో విభాగంలో చెప్పిన లెక్క ఇక్కడ అక్కరకు వస్తుంది. ఎక్స్‌కెబిలో కుడి ఆల్ట్ మీటకు మూడో స్థాయిని ఎంచుకొనే చర్యను అప్పగించి, చ మీట మూడో స్థాయిలో ౘను (3160), జ మీద ౙను (3161), న మీద నకారపొల్లును (3165) ఉంచవచ్చు. మొదటి రెండు స్థాయిలు చెక్కుచెదరవు కనుక ఇన్‌స్క్రిప్ట్ ఏకరూపతకు భంగం లేదు. కంటికి కనిపించని మరో గుర్తుకు ఇటువంటి ఏర్పాటు ఇప్పటికే ఉంది. 'కంప్యూటర్‌లో' అన్నప్పుడు రేఫ కింద లకారం ఒత్తుగా చేరకుండా ఆపే అతుకునిరోధక గుర్తును స్పేసు మీట రెండో స్థాయిలో ఉంచే ఐచ్ఛికం ఎక్స్‌కెబి పట్టికల్లో దొరుకుతుంది. అన్యదేశ్యాల వర్ణక్రమానికి దక్కిన ఈ వసతి ప్రాచీన వర్ణాలకూ దక్కడంలో సాంకేతికమైన అడ్డంకి ఏదీ లేదు.

7. ముగింపు

ఎక్స్ విండో వ్యవస్థలో తెలుగు అక్షరం ఏ ఒక్క చోటా పూర్తిగా ఉండదు. సర్వర్‌లో అది మీట సంఖ్య, పట్టికలో చిహ్నం, ఇన్‌పుట్ పద్ధతిలో స్థితి, నిల్వలో గుర్తుల వరుస, ఫాంటులో రూపం. సర్వర్‌కు అక్షరం తెలియకపోవడం ఈ నిర్మాణంలోని సుగుణం. అర్థం పట్టికలో ఉంది కనుక పట్టికను మార్చే హక్కు వాడుకరికి మిగిలింది. జ్ఞాపకం లేకపోవడం దాని పరిమితి. ఆ కొరతను ఇన్‌స్క్రిప్ట్ రాసేవారి శ్రమతో, ఆర్‌టిఎస్ మరో పొరతో పూరించాయి.

దేశ్య తెలుగును అంచుకు నెట్టిన లోపం మాత్రం యంత్రానిది కాదు, పట్టికది. ఎక్స్ స్థానంలో క్రమంగా వస్తున్న వేలాండ్ వ్యవస్థ కూడా ఎక్స్‌కెబి పట్టికలనే వాడుకుంటోంది. విండో వ్యవస్థ మారినా పట్టిక కొనసాగుతుంది కనుక అందులోని నిర్ణయాలూ కొనసాగుతాయి. హ్రస్వ ఎ, ఒల స్థానం, శకటరేఫ అందుబాటు, ౘ, ౙల ప్రవేశం వంటివి వర్ణసమామ్నాయానికి సంబంధించిన ప్రశ్నలు. వాటిని తేల్చవలసిన చోటు సంజ్ఞాపరిచ్ఛేదం. పాఠపరిష్కరణ చేపట్టే శాఖలు తాము వాడిన ప్రతులను పీఠికలో పేర్కొన్నట్టే, వాడిన మీటల పట్టికనూ పేర్కొనడం ఆ దిశలో తొలి అడుగు అవుతుంది.